మూడు ఆదివారాలు ఆగిన మాట

బంగారపేటలో బండి ఆగగానే ఉడకబెట్టిన చెనిక్కాయల వాసన పెట్టెలోకి ఎక్కుతుంది. బుట్టవాడి కంటే ముందే ఎక్కుతుంది, అదీ టికెట్టు లేకుండా. బెంగళూరులో ఆఫీసు ముగించుకుని మారికుప్పం చేరే సాయంత్రపు బండిలో నాకిది దాదాపు రోజూ జరిగేదే. ఉప్పునీళ్ళు, వేడి తొక్క, తొక్కకు అంటుకున్న కాస్త మట్టి, మూడూ కలిసిన ఆ వాసన తగలగానే నా చేతిలోని ఫోను తనంతట తాను ఒళ్ళో బోర్లా పడుకుంటుంది. ఎవరో తొంగిచూస్తున్నట్టు నా వెన్ను నిటారవుతుంది. పక్కన చూస్తే ఎవరో పెద్దాయన నా భుజాన్ని దిండు చేసుకుని నిద్రపోతూ ఉంటాడు, అంతే. అయినా నాకు మాత్రం ఫిలోమినా మేడమ్ అక్కడే కూర్చుని, ఒక్కొక్క కాయా ఒలిచి తొక్కలు చీర చెంగులో పోసుకుంటూ, "ఏమ్మా విమలా, దేనికంత నవ్వుతా ఉండావు ఫోన్లో? నిలబడి చదువు, మేమూ నవ్వుతాం" అంటున్నట్టే ఉంటుంది.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. రాబర్ట్‌సన్‌పేటలో ఒక డిగ్రీ కాలేజీలో మాకు కామర్స్ చెప్పేవారు. సన్నటి మనిషి, గంజిపెట్టిన నూలు చీర, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం, ఆటో ఎక్కితే కన్నడం, పాఠం చెప్పేటప్పుడు ఇంగ్లీషు. కోపం వస్తే మాత్రం నాలుగూ ఒకేసారి. వాళ్ళ నాయన గనిలో దిగిన మనిషి, గని మూసేదాకా దిగిన మనిషి. మా వాళ్ళదీ అదే కథ. మా తాత చిత్తూరు వైపు పల్లె వదిలి వచ్చి బంగారం తవ్వాడు, మా నాయనా బంగారమే తవ్వాడు, మా అమ్మ మెడలో మాత్రం పసుపుకొమ్మే మిగిలింది. నేను చిన్న క్లాసులో ఉండగానే గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత మా ఊళ్ళో మిగిలిన బంగారమంతా బంగారపేట పేరులోనే ఉంది. నాయన బెంగళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కాపలాకు చేరాడు. ఆయన స్టేటస్ ఏళ్ళ తరబడి మారలేదు. నా స్టేటస్ మాత్రం, ఫోను చేతికొచ్చిన ఏడాది, రోజుకు నాలుగుసార్లు మారేది.

మేము ఆఖరి ఏడాదిలో ఉండగా బెంగళూరులో ఏదో ఉద్యోగ మేళా అని మమ్మల్నందరినీ మేడమ్ బండిలో వెంటబెట్టుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఇదే బంగారపేటలో చెనిక్కాయలు కొన్నారు. తినడం మానేసి పొట్లాం కాగితం వంకే చూస్తూ ఉండిపోయారు. అది ఎవరిదో పరీక్ష పేపరు. ఎర్ర సిరాతో సున్నా కాకపోయినా సున్నాకు చుట్టమైన మార్కు ఒకటి దానిమీద ఉంది. చేతిరాత చూసి ఎవరిదో పోల్చుకున్నారు కూడా, కానీ పేరు చెప్పలేదు. మేమంతా గుంపుగా మీదపడి, చెప్పండి మేడమ్, చెప్పండి అని బతిమాలాం. ఆమె కాయలన్నీ మా చేతుల్లోకి ఒంపి, కాగితాన్ని చించి కిటికీలోంచి పారేయకుండా మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. "పాపం, రాసినప్పుడు ఒక్క మాష్టరే చూస్తాడనుకోని రాసినాడప్పా. ఇది ఇట్లా చెనిక్కాయలకు చుట్టుకోని నా చేతికి వస్తాదని వానికి తెలుసునా? మీరు ఆ ఫోన్లలో పెట్టేవి గూడా ఇంతే. ఎవరి చేతిలో పొట్లాం అయితాదో మీకు తెలీదు." అంతే అన్నారు. మేం నవ్వాం. ఉప్పు ఎక్కువైందని ఒకరిద్దరు తిట్టారు కూడా.

ఆ తర్వాతి వారం నుంచి ఆమె క్లాసులో ఒక కొత్త పద్ధతి మొదలైంది. శుక్రవారం ఆఖరి గంటలో ఎవరో ఒకరు లేచి, తాము ఫేస్‌బుక్కులో పెట్టిన దాన్ని పైకి చదవాలి. బెంచీ వదిలి, బోర్డు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్నది మేం కాదు, రేపు పని ఇవ్వబోయే ముక్కూమొహం తెలియని పెద్దమనిషి అనుకుని చదవాలి. నా వంతు వచ్చింది. అంతకుముందు వారం నేనొక ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చి, "ఇంటర్వ్యూ బోరు, ఏసీ మాత్రం సూపరు" అని రాసి, దానికి వచ్చిన లైకులు చూసుకుని మురిసిపోయి ఉన్నాను. బోర్డు దగ్గర నిలబడి అదే వాక్యం చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేడమ్ చాలా మర్యాదగా, "ఏసీ రిపేరుకు పిలిచినారామ్మా నిన్ను?" అని అడిగారు. ఆ నవ్వులకు క్లాసు పది నిమిషాలు ఆగింది. "ఈ పోస్టు పెట్టితే ఆ పోస్టు పోతాది" అని కూడా ఆరోజే అన్నారు. మాటలతో ఆడుకునే జబ్బు నాకు అంటించింది ఆమే అని ఇప్పటికీ నా అనుమానం.

మూడు ఆదివారాల సంగతి కూడా ఆ శుక్రవారాల్లోదే. వాళ్ళ చర్చిలో ఎవరికైనా పెళ్ళి కుదిరితే ఫాదర్ వరసగా మూడు ఆదివారాలు పూజలో ఆ ఇద్దరి పేర్లూ చదువుతారు. ఫలానా అబ్బాయి, ఫలానా అమ్మాయి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడు వారాలూ ఎవరూ ఏమీ చెప్పకపోతేనే పెళ్ళి. మా ఊళ్ళో ఏ మతం వాళ్ళకైనా ఇది తెలుసు, ఎందుకంటే ప్రకటన చదివిన ఆదివారం మధ్యాహ్నానికే గనివాళ్ళ ఇళ్ళ లైన్లన్నీ ఆ పెళ్ళి గురించే మాట్లాడుకునేవి. మేడమ్ దాన్ని మా ఫోన్లకు తగిలించారు. కోపంలోనో నవ్వులోనో ఏమన్నా రాస్తే, మూడు ఆదివారాలు దాన్ని దాచిపెట్టుకోండి, ప్రతివారం నిలబడి చదవండి, మీ లోపల ఎవరూ లేచి అభ్యంతరం చెప్పకపోతే అప్పుడు పెట్టండి అన్నారు.

వెనక బెంచీ నుంచి ప్రభు లేచాడు. మా క్లాసుకు నవ్వుల గని అతనే, ఆ ఒక్క గనీ మూతపడలేదు. "మేడమ్, అట్లయితే గుడ్‌మార్నింగు పెట్టేలోపల డిగ్రీ అయిపోతాది" అన్నాడు. మేడమ్ కూడా నవ్వేశారు. గుడ్‌మార్నింగుకు ఎవురూ అడ్డం చెప్పరులే నాయనా, నీ నోట్లోంచి వచ్చే మిగతావాటి సంగతే నా బాధ అన్నారు.

ఇలా రాస్తే ఆమె అన్నిటికీ వద్దు వద్దు అనే మనిషనుకుంటారు. కాదు. ఉద్యోగాల సైటులో నా పేజీ పెట్టించింది ఆమే. నేను దాంట్లో కాబోయే పెద్ద మేనేజరునని ఇంగ్లీషులో కోటలు కట్టి చూపిస్తే, "నీకు వచ్చేది రాయి, నీకు కావాల్సింది కాదు" అన్నారు. నాకేమొచ్చని మొహం వేలాడేశాను. ఒక్కొక్కటీ ఆమే అడిగి రాయించారు. సెలవుల్లో మా లైను చివరి కిరాణా కొట్టువాళ్ళకు కంప్యూటర్లో లెక్కలు ఎక్కించి పెట్టేదాన్ని కదా, అది. నాలుగు భాషల్లో పోట్లాడగలను కదా, అదీ, కాస్త మర్యాదగా. ఆ పేజీ చూసే నాకు మొదటి పిలుపు వచ్చింది. ఇప్పుడు నేను చేసే పనేమిటంటే, ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్న పిల్లల పేజీలు చూడటం. ఎవరి పొట్లాం ఎవరి చేతికొస్తుందో అన్నారే, ఆ చెయ్యి చివరికి నాదే అయింది.

ప్రభు సంగతి చెప్పాలి. చదువులో నాకంటే మెరుగు, మాటల్లో అందరికంటే మెరుగు. వరసగా కొన్ని చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్ళి కాదనిపించుకుని వచ్చాడు. ఒకచోట, ఊరి పేరు చెప్పగానే అక్కడి మనిషి మొహం మార్చుకున్నాడట. ఆ సాయంత్రం ప్రభు తన పేజీలో వెటకారంగా, ఆ మనిషి మనసులో మాట ఇదై ఉంటుందని, "మైన్సు పిల్లోళ్ళకు పని ఇచ్చేది దండగ. తాగేదానికి తప్ప దేనికీ పనికిరారు" అని రాశాడు. వెటకారమని మాకు తెలుసు, అతన్ని ఎరగని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? శుక్రవారం మేడమ్ ఎవరి పేరూ చెప్పకుండా, మీలో ఒకరు రాసిందే ఇది అని, బోర్డు దగ్గర తానే నిలబడి దాన్ని పైకి చదివారు. మా వాళ్ళ మీద అంత మాట ఆమె గొంతులో వినేసరికి క్లాసంతా తలెత్తి ఆమెవైపే చూసింది. అప్పుడు అడిగారు, "ఇంగ చెప్పండి, దీన్ని చూసినోడు ఇది ఎగతాళి అనుకుంటాడా, నిజమనుకుంటాడా?" ప్రభు తలొంచుకుని, గంట కొట్టేలోపే దాన్ని తీసేశాడు. ఆ రోజుకు పాఠం బాగా జరిగిందనే అనుకున్నాం.

అప్పటిదాకా నాకు క్లిప్పంటే జడకు పెట్టుకునేదే. రెండు రోజుల తర్వాత ఊళ్ళో ఫోన్లన్నిటిలో ఒక క్లిప్పు తిరగడం మొదలైంది. వెనక బెంచీలో ఎవరో తీసి, ముందు మాటలూ వెనక మాటలూ కత్తిరించి వదిలారు. ఎవరో ఈనాటికీ తెలియదు. అందులో ఉన్నదల్లా గంజి చీరలో ఒక మేడమ్, బోర్డు ముందు నిలబడి, మైన్సు పిల్లోళ్ళకు పని ఇచ్చేది దండగ అంటూ ఉండటం. పని పోయి, పరువు ఒక్కటీ మిగుల్చుకున్న ఊరు మాది. ఆ ఒక్కటి మీదా రాయి పడిందనుకున్నారు. కాలేజీ గేటు దగ్గర జనం చేరారు. మా లైన్లో పెద్దవాళ్ళు, ఆమె నాయనతో కలిసి గనిలో దిగిన వాళ్ళు, ఆయన కడుపున ఇట్లాంటిది పుట్టిందే అన్నారు. మా నాయన సెలవుకు ఇంటికొచ్చి అదే క్లిప్పు నాకు చూపించి, "ఇదేనా మీ మేడమ్మూ?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. "నువ్వు చెప్తే నేను నమ్మినాను. ఊరంతా నీ నాయన కాదు గదమ్మా" అన్నాడు.

అందుకే రాశాను. జరిగింది జరిగినట్టు, ఆ మాటలకు ముందేమన్నారో, తర్వాత ఏమడిగారో, రాయగలిగినంత నిదానంగా రాశాను. నా బతుకులో వెటకారం లేకుండా రాసిన మొదటి పేజీ అదే. పెట్టే ముందు చూపిద్దామని ఆమె ఇంటికి వెళ్ళాను. వరండాలో బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి, నా ఫోను తీసుకుని, అలవాటు ప్రకారం లేచి నిలబడి, పెదాలు కదిలిస్తూ మొత్తం చదివారు.

"బాగా రాసినావు. 'ఒక విద్యార్థి రాసిన మాట' అని పెట్టినావే, ఆ విద్యార్థి ఎవురని అడగరా?"

అడుగుతారన్నాను.

"చెప్తావా?"

ఆ వారమే ప్రభు బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నెగ్గి వచ్చాడు. పనిలో చేరమనే కాగితం రావడమే మిగిలింది, మూడు వారాల్లో పంపిస్తామన్నారట. వాళ్ళ ఇంట్లో సంపాదించే చెయ్యి అంటూ ఉంటే అతనిదే కావాలి.

"చెప్పకపోతే అబద్ధం అంటారు. చెప్తే వాని పేరు వీధిలో పడతాది. వాళ్ళు చూస్తారు విమలా. చూస్తారని నేర్పించింది నేనే గదా."

"మరి మీ పోస్టు మేడమ్?"

ఏ పోస్టని అడిగానో నాకే తెలియదు. ఆమె నవ్వారు. "నా పోస్టు గురించి నువ్వు పోస్టు పెట్టద్దు తల్లీ. మూడు ఆదివారాలు ఆగు. నేను చెప్పినాక పెట్టు."

ఆగాను. అంత బుద్ధిగా ఆమె మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. మంచి విద్యార్థినినయ్యానని నాలో నేను కాస్త గర్వపడ్డాను కూడా. మొదటి ఆదివారం చర్చిలో ఆమె కూర్చోగానే ఆ బెంచీలో మిగతావాళ్ళంతా లేచిపోయారని మా క్లాసు సలోమి వచ్చి చెప్పింది. రెండో వారం యాజమాన్యం పిలిచి, తప్పయిందని రాసివ్వమన్నారు. అనని మాటకు రాసివ్వనన్నారు. అన్నదెవరో చెప్పమన్నారు. అదీ చెప్పనన్నారు. ప్రభు ఆగలేకపోయాడు. నేనే రాశానని నలుగురిలో చెప్పేస్తానని ఆమె ఇంటికి పరిగెత్తాడట. "ముందు పనిలో చేరు. నోరు తెరిచేదానికి బతుకంతా ఉండాది" అని వాకిట్లోంచే తిప్పి పంపారట. ఈ సంగతి అతను నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. మూడో ఆదివారానికి ముందే అతనికి కాగితం వచ్చింది. దానికంటే ఒకరోజు ముందే ఆమెను కాలేజీ నుంచి పంపేశారు.

మూడో ఆదివారం సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. వరండాలో క్లాసు పుస్తకాలన్నీ కట్టలు కట్టి ఉన్నాయి. పెట్టమంటారా మేడమ్ అన్నాను. వాడు ఇప్పుడే చేరబోతా ఉండాడు గదమ్మా, కాలు నిలదొక్కుకోనీ అన్నారు. మరి ఎప్పుడన్నాను. "చెప్తాలే" అన్నారు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆ మూడు ఆదివారాలూ చర్చి లెక్క కాదు, ప్రభు లెక్క అని. రాసేవాళ్ళు ఆగడానికి పెట్టిన పద్ధతిని, రాళ్ళు తగులుతున్న మనిషి తన చుట్టూ గోడలా కట్టుకుంది. గోడకు బయట నేను కాపలా కాశాను. కాపలా మా ఇంటి వృత్తి కదా.

ఆమె వెళ్ళిపోయిన వారం మా క్లాసు గ్రూపులో సలోమి బాధపడుతూ, "మన ఫిలోమినా మేడమ్ పోయినారు" అని రాసింది. కాలేజీ వదిలి పోయినారని సలోమి భావం. మా తెలుగులో ఊరికి పోయినా పోయినారే, పైకి పోయినా పోయినారే. దూరాన ఉన్న పాత విద్యార్థులు రెండోదే పట్టుకున్నారు. దణ్ణాలు, కొవ్వొత్తులు, ఆమె ఆత్మకు శాంతి, చివరికి ఫోటోకు దండ కూడా వేసేశారు. క్లిప్పు చూసి ఆమెను తిట్టినవాళ్ళు కూడా అందులో కన్నీళ్ళు పెట్టారు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను వచ్చింది. "ఏమ్మా, నేను పోయినానంట గదా. ఎప్పుడు ఎత్తుతారంట?" గ్రూపులో పొరపాటు పడ్డారని సంజాయిషీ మొదలుపెట్టాను. "చూడు, చంపేదానికి గూడా మూడు ఆదివారాలు ఆగలేదు మీవాళ్ళు" అని అవతల ఒకటే నవ్వు. నవ్వు ఆగాక, "ఇంతమందికి నేనంటే ఇష్టమని తెలిసింది, పోనీలే" అన్నారు.

తర్వాత క్యాసంబళ్ళిలో ఒక ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు. నేను ఉద్యోగంలో పడ్డాను. ప్రతి క్రిస్మసుకు ఫోను చేసేదాన్ని, ప్రతిసారీ చివర్లో అదే అడిగేదాన్ని. "ఉండనీలేమ్మా" అనేవారు ప్రతిసారీ. ఒక ఏడు ప్రభు తానే నాకు ఫోను చేశాడు. పనిలో పైకొచ్చాడు, పెళ్ళయింది, గొంతులో పాత నవ్వు లేదు. "నా పేరు పెట్టే రాయి విమలా. ఇప్పుడు నాకేమీ కాదు. అప్పుడూ ఏమీ అయ్యుండదేమో" అన్నాడు. అది విన్నాక నాలో ఆశ పుట్టింది. ఫోనులో అడిగితే మళ్ళీ ఉండనీ అంటారు, ఇద్దరం కలిసి క్యాసంబళ్ళి వెళ్ళి, ఎదురుగా నిలబడి చదివి వినిపించి, ఊ అనిపించుకోవాలనుకున్నాం. అతనికి సెలవు దొరికితే నాకు దొరికేది కాదు. నాకు దొరికితే అతనికి. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా గ్రూపులో సలోమి పంపిన మాట వచ్చింది. "మన ఫిలోమినా మేడమ్ పోయినారు."

నేను ఏమీ రాయలేదు. ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని, అది మోగుతుందని చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నా ముందుకొచ్చే పిల్లల పేజీల్లో ఏదైనా వంకరగా కనిపిస్తే, దానికి ముందేముందో, వెనకేముందో వెతుకుతాను. దొరక్కపోతే పిల్చి అడుగుతాను. ఆఫీసులో నేను నత్తనని పేరు. బంగారపేటలో పొట్లాం చేతికొస్తే కాయల కంటే ముందు కాగితం చదువుతాను, రెండువైపులా. రాసినవాళ్ళ పేరు కనపడితే మడిచి బ్యాగులో పెట్టుకుంటాను. నా బ్యాగు ఎప్పుడూ ఉప్పు వాసనే.

ఇక ఆ రోజు వరండాలో ఆమె నిలబడి చదివిన మాట, మీరిప్పటిదాకా చదివిన ఇదే. ప్రభు పేరు అతను పెట్టమంటేనే పెట్టాను. అప్పటి నా రాతలో వెటకారం లేదు, ఇప్పుడు కొంత వచ్చి చేరింది, అది ఆమె అంటించిందే. రాయడం అయ్యాక మూడు ఆదివారాలు దాచిపెట్టాను. ప్రతి ఆదివారం మా ఇంటి వాకిట్లో నిలబడి పైకి చదివాను. మా నాయన విన్నాడు, ప్రభు ఫోనులో విన్నాడు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడో ఆదివారం చదవడం ముగించి కూడా నేను చాలాసేపు అలాగే నిలబడ్డాను, "ఉండనీలేమ్మా" అని ఎవరైనా అంటారేమోనని.